విద్యుత్ రేడియో నియంత్రిత కార్లలో మోటారు, వోల్టేజి, గేర్ల ఎంపిక

విద్యుత్ రేడియో నియంత్రిత కారు అనగా బ్యాటరీలోని విద్యుచ్ఛక్తితో మోటారును తిప్పుకొంటూ, చేతిలోని ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో సంకేతాల ప్రకారం నడిచే నమూనా కారు. వీటిలో కొన్నవి కొన్నట్లే ఆడుకొనే ఆటబొమ్మలు ఒక తరగతి. భాగాలను విడదీసి మార్చుకొనుటకు, పందేలలో నడుపుటకు వీలైన నమూనాలు మరొక తరగతి. ఈ రెండవ తరగతి కార్లకు మోటారు, బ్యాటరీ వోల్టేజి, గేరు నిష్పత్తి అనే మూడింటిని నడిపేవారే ఎంచుకోవలసి ఉంటుంది. ఈ మూడూ పరస్పరం ముడిపడి ఉన్నవి. మిగిలిన రెండింటిని సరిచూడకుండా ఒకదానిని పెంచితే మోటారు కాలిపోవచ్చును, గేర్ల పళ్ళు అరిగిపోవచ్చును, లిథియం బ్యాటరీ అయితే నిప్పంటుకొనవచ్చును. ఈ మూడింటి మధ్య గల సంబంధాన్ని, వాటిని ఎంచుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందుకు కావలసిన భౌతికశాస్త్రం ఇంటర్మీడియట్ స్థాయిని దాటదు.

నేపథ్యం

1976లో జపానుకు చెందిన టమియా సంస్థ 12వ వంతు కొలతలో పోర్షే 934 కారు నమూనాను విద్యుత్ మోటారుతో విడుదల చేసింది. దీనికి లభించిన ఆదరణతో ఈ రకం కార్లు విస్తృతంగా వ్యాపించాయి. 1984లో అమెరికాకు చెందిన అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సీ10 అనే 10వ వంతు కారును తెచ్చింది. మట్టి నేల పందేలలో ఇది పేరు పొందింది. ఆ కాలంలో దాదాపు అన్ని కార్లలోనూ నికెల్-కాడ్మియం ఘటాలు ఆరింటిని వరుసగా కలిపిన 7.2 వోల్టుల బ్యాటరీ, బ్రష్‌లు గల మోటారు ఉండేవి. వోల్టేజి అందరికీ ఒకటే కనుక మోటారు, గేర్లు మాత్రమే ఎంచుకొనవలసి వచ్చేది. తరువాత నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటాలు, ఆపైన లిథియం పాలిమర్ ఘటాలు, బ్రష్‌లు లేని మోటార్లు వచ్చాయి. వీటితో కారుకు అందే శక్తి అనేక రెట్లు పెరిగింది. దానితోపాటు ఎంపికలో పొరపాటు చేస్తే కలిగే నష్టం కూడా పెరిగింది.

మూల సూత్రం

కారు వేగాన్ని నిర్ణయించే సంబంధం సరళమైనది.

మోటారు భ్రమణ వేగం = కేవీ విలువ × వోల్టేజి
చక్రం భ్రమణ వేగం = మోటారు భ్రమణ వేగం ÷ మొత్తం గేరు నిష్పత్తి
కారు వేగం = చక్రం భ్రమణ వేగం × చక్రం చుట్టుకొలత

ఇక్కడ కేవీ అనగా కిలోవోల్టు కాదు. భారం లేనపుడు ఒక్కొక్క వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలిపే స్థిరాంకం. 3000 కేవీ మోటారుకు 1 వోల్టు ఇస్తే అది నిమిషానికి సుమారు 3000 చుట్లు తిరుగుతుంది.

ఈ సూత్రం చూసినవారికి మూడింటిలో దేనిని మార్చినా ఫలితం ఒకటేనని తోచవచ్చును. వేగం లెక్కలో అది నిజమే. కానీ విద్యుత్ ప్రవాహం లెక్కలో, వేడి లెక్కలో అది నిజం కాదు. మంచి ఎంపికకు, చెడ్డ ఎంపికకు తేడా అక్కడే ఉన్నది.

మోటారు

బ్రష్‌లు గల మోటారులో అయస్కాంతాలు కదలకుండా ఉండి, తీగచుట్టలు ఉన్న ఆర్మేచరు తిరుగుతుంది. కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్ కలిసి ప్రవాహ దిశను మారుస్తాయి. ఇది చవకైనది, నడుపుట సులభం. అయితే బ్రష్‌లు అరుగుతాయి, ఒరిపిడి వల్ల కొంత శక్తి వృథా అవుతుంది.

బ్రష్‌లు లేని మోటారులో తీగచుట్టలు నిశ్చలంగా ఉండి, లోపల అయస్కాంతం తిరుగుతుంది. ప్రవాహ దిశను మార్చే పనిని ఎలక్ట్రానిక్ వేగ నియంత్రకం చేస్తుంది. వీటిలో సెన్సారు ఉన్నవి, లేనివి అని రెండు రకాలు. సెన్సారు ఉన్న మోటారు నిలుపు స్థితి నుండి కుదుపు లేకుండా కదులుతుంది. సెన్సారు లేనిది అతి తక్కువ వేగంలో తడబడవచ్చును, కాని దాని నిర్మాణం సరళం, ధర తక్కువ.

మోటారు బలాన్ని తెలుపుటకు రెండు పద్ధతులు వాడుకలో ఉన్నవి. ఒకటి పైన చెప్పిన కేవీ. రెండవది తీగచుట్ల సంఖ్య. దీనిని వాడుకలో టర్న్‌లు అంటారు. చుట్లు తగ్గితే ఒక్కొక్క వోల్టుకు తిరిగే వేగం పెరుగుతుంది. 27 టర్న్‌ల బ్రష్ మోటారు చాలాకాలంగా ప్రారంభకుల మోటారుగా పేరు పొందినది. బ్రష్‌లు లేని వాటిలో 21.5, 17.5, 13.5, 10.5 టర్న్‌ల మోటార్లు పందేల తరగతులలో కనిపిస్తాయి. రాళ్ళెక్కే కార్లకు నిదానం ముఖ్యం కనుక 35, 45, 55 టర్న్‌ల బ్రష్ మోటార్లు వాడతారు. బ్రష్ మోటారు టర్న్‌లను బ్రష్‌లు లేని మోటారు టర్న్‌లతో నేరుగా పోల్చరాదు. ఆ రెండింటి నిర్మాణం వేరు.

తక్కువ టర్న్‌ల మోటారుకు తిప్పే బలం తక్కువ అని ఒక అభిప్రాయం ఉన్నది. ఇది సగమే నిజం. ఒక్కొక్క ఆంపియరుకు లభించే టార్క్, కేవీకి విలోమానుపాతంలో ఉంటుంది. 9.55ను కేవీతో భాగిస్తే అది న్యూటన్-మీటర్లలో వస్తుంది. 3000 కేవీ మోటారుకు ఇది సుమారు 0.0032, 1500 కేవీ మోటారుకు 0.0064. అయితే తక్కువ టర్న్‌ల మోటారుకు నిరోధం కూడా తక్కువ. అందువల్ల బ్యాటరీ ఇవ్వగలిగితే అది చాలా ఎక్కువ ప్రవాహాన్ని లాగి, ఎక్కువ టార్క్‌నే ఇస్తుంది. ఆ ప్రవాహాన్ని మోసేది బ్యాటరీ, తీగలు, వేగ నియంత్రకం. అవి అంతటి ప్రవాహాన్ని భరించలేనపుడు మోటారు ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

మోటారు పరిమాణం కూడా ముఖ్యమే. 10వ వంతు కార్లలో 540 అనే పరిమాణం ప్రామాణికం. దీని వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు, ఇరుసు సుమారు 3.17 మిల్లీమీటర్లు. దీనికంటే పొడవైనది 550. చిన్న కార్లకు 370, 380 పరిమాణాలు, 8వ వంతు పెద్ద కార్లకు సుమారు 42 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల ఇరుసు గల మోటార్లు వాడతారు. పెద్ద మోటారులో రాగి ఎక్కువ, వేడిని వెదజల్లే ఉపరితలమూ ఎక్కువ. బరువైన కారుకు చిన్న మోటారును అమర్చి కేవీ పెంచడం కంటే, పెద్ద మోటారును తక్కువ కేవీతో అమర్చడం మేలు.

వోల్టేజి

నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటం వోల్టేజి 1.2. లిథియం పాలిమర్ ఘటానికి నామమాత్రపు వోల్టేజి 3.7, పూర్తిగా చార్జి అయినపుడు 4.2. వరుసగా కలిపిన ఘటాల సంఖ్యను ఎస్ అనే అక్షరంతో తెలుపుతారు.

* 2ఎస్ - నామమాత్రం 7.4 వోల్టులు, పూర్తి చార్జిలో 8.4 వోల్టులు
* 3ఎస్ - నామమాత్రం 11.1 వోల్టులు, పూర్తి చార్జిలో 12.6 వోల్టులు
* 4ఎస్ - నామమాత్రం 14.8 వోల్టులు, పూర్తి చార్జిలో 16.8 వోల్టులు

సామర్థ్యం అనగా వోల్టేజి, ప్రవాహాల లబ్ధం. 222 వాట్ల సామర్థ్యాన్ని 7.4 వోల్టుల వద్ద 30 ఆంపియర్లతో పొందవచ్చును, 14.8 వోల్టుల వద్ద 15 ఆంపియర్లతోనూ పొందవచ్చును. తీగలలో పుట్టే వేడి ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, ప్రవాహం సగమైతే తీగలు, కనెక్టర్లలో వేడి నాలుగవ వంతు అవుతుంది. వేగ నియంత్రకానికి కూడా ప్రవాహం భారం తగ్గుతుంది. పెద్ద కార్లకు ఎక్కువ ఘటాలు వాడుటకు ఇదే కారణం.

అయితే ఈ లాభం దక్కాలంటే వోల్టేజిని రెట్టింపు చేసినపుడు మోటారు కేవీని సగానికి తగ్గించవలెను. అదే మోటారును ఉంచి వోల్టేజిని మాత్రమే పెంచితే ప్రవాహం తగ్గదు, పెరుగుతుంది. ఎందుకనగా కారు వేగం పెరుగుతుంది. గాలి నిరోధం వేగ వర్గంతో, దానిని అధిగమించుటకు కావలసిన సామర్థ్యం వేగ ఘనంతో పెరుగుతాయి. 2ఎస్ నుండి 3ఎస్‌కు మారినపుడు వేగం నిజంగా ఒకటిన్నర రెట్లు అయితే, గాలి నిరోధానికి మాత్రమే ఖర్చయ్యే సామర్థ్యం సుమారు 3.4 రెట్లు అవుతుంది.

వోల్టేజికి మరొక హద్దు కూడా ఉన్నది. మోటారు, వేగ నియంత్రకం రెండింటికీ తయారీదారు గరిష్ఠ ఘటాల సంఖ్యను పేర్కొంటాడు. 3000 కేవీ మోటారుకు 4ఎస్ బ్యాటరీని పూర్తి చార్జితో కలిపితే భారం లేనపుడు నిమిషానికి 50,400 చుట్లు తిరుగును. అంతటి వేగాన్ని ఓర్చుకొనేలా చేయని మోటారులో అయస్కాంతం ఇరుసు నుండి విడిపోయే ప్రమాదం ఉన్నది.

బ్యాటరీపై ఉండే సీ అంకె అది ఇవ్వగల ప్రవాహాన్ని తెలుపుతుంది. 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీకి 30సీ అని ఉంటే 5 × 30 = 150 ఆంపియర్లు అని అర్థం. ఈ అంకెలను కొందరు అమ్మకందారులు ఎక్కువ చేసి ముద్రిస్తారు కనుక అవసరానికి మించిన విలువ గల బ్యాటరీని ఎంచుకొనుట క్షేమం.

గేర్లు

మోటారు ఇరుసుకు బిగించే చిన్న పళ్ళ చక్రాన్ని పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద చక్రాన్ని స్పర్ గేరు అంటారు. స్పర్ గేరు నుండి చక్రాల వరకు డిఫరెన్షియల్ మొదలైన వాటిలో ఉండే నిష్పత్తి అంతర్గత నిష్పత్తి. సాధారణంగా ఇది మార్చుటకు వీలు కానిది.

మొత్తం గేరు నిష్పత్తి = (స్పర్ పళ్ళు ÷ పినియన్ పళ్ళు) × అంతర్గత నిష్పత్తి

ఉదాహరణకు టమియా టీటీ-02 కారులో స్పర్ గేరుకు 70, పినియన్‌కు 22 పళ్ళు ఉంటాయి. అంతర్గత నిష్పత్తి 2.6. కనుక మొత్తం నిష్పత్తి 70 ÷ 22 × 2.6 = 8.27. అనగా మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది.

ఇది గేర్ల సైకిలు తొక్కినవారికి తెలిసిన విషయమే. ఎత్తు ఎక్కునపుడు కాళ్ళు ఎక్కువ చుట్లు తిప్పి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతాము. నిష్పత్తి పెద్దదైతే లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ. నిష్పత్తి చిన్నదైతే వేగం ఎక్కువ, మోటారుపై భారమూ ఎక్కువ. పినియన్ పళ్ళు పెంచినా, స్పర్ పళ్ళు తగ్గించినా నిష్పత్తి చిన్నదవుతుంది. ఈ రెండింటి దిశ వేరని ప్రారంభకులు గుర్తుంచుకొనవలెను.

గేర్ల పళ్ళ పరిమాణం కలవకపోతే అవి త్వరగా అరిగిపోతాయి. దీనిని కొలిచే పద్ధతులు రెండు. మాడ్యూల్ పద్ధతిలో పిచ్ వృత్త వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని పళ్ళ సంఖ్యతో భాగిస్తారు. పిచ్ పద్ధతిలో పిచ్ వృత్త వ్యాసం ఒక అంగుళానికి ఎన్ని పళ్ళో చెబుతారు. 32 పిచ్, 0.8 మాడ్యూల్ దాదాపు సమానం. కాని 48 పిచ్ అనగా సుమారు 0.53 మాడ్యూల్. టీటీ-02లో వాడే 0.6 మాడ్యూల్ గేరుతో ఇది సరిగా కలవదు.

పినియన్, స్పర్ మధ్య దూరం కూడా సరిగా ఉండవలెను. రెండింటి మధ్య పలుచని కాగితపు ముక్కను ఉంచి, దగ్గరకు నొక్కి మోటారు మరలు బిగించి, ఆపై కాగితాన్ని తీసివేయుట వాడుకలో ఉన్న సులభ పద్ధతి. స్పర్ గేరును చుట్టూ తిప్పి చూసినపుడు ప్రతిచోటా స్వల్పమైన వదులు మాత్రమే ఉండవలెను.

ఒక ఉదాహరణ

పైన చెప్పిన 8.27 నిష్పత్తి గల కారుకు 3000 కేవీ మోటారు, 2ఎస్ బ్యాటరీ, 64 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రాలు ఉన్నాయనుకొందాము.

* మోటారు వేగం: 3000 × 7.4 = నిమిషానికి 22,200 చుట్లు
* చక్రం వేగం: 22,200 ÷ 8.27 = నిమిషానికి 2,684 చుట్లు
* చక్రం చుట్టుకొలత: 3.1416 × 64 = 201 మిల్లీమీటర్లు
* కారు వేగం: గంటకు సుమారు 32.4 కిలోమీటర్లు

ఇది భారం లేని మోటారు లెక్క. నేల మీద ఒరిపిడి, గాలి నిరోధం, బ్యాటరీ వోల్టేజి పడిపోవడం వల్ల నిజమైన వేగం ఇంతకంటే తక్కువగా ఉంటుంది. ఇప్పుడు వేగం పెంచుటకు రెండు మార్గాలు చూద్దాము.

మొదటి మార్గం: 22 పళ్ళ పినియన్ స్థానంలో 25 పళ్ళది అమర్చుట. నిష్పత్తి 7.28 అగును. లెక్క ప్రకారం వేగం గంటకు 36.8 కిలోమీటర్లు, అనగా 13.6 శాతం ఎక్కువ. కానీ కారును అదే బలంతో ముందుకు నెట్టుటకు మోటారు 13.6 శాతం ఎక్కువ టార్క్ ఇవ్వవలెను. అందుకు ప్రవాహం అంతే శాతం పెరగవలెను. తీగచుట్టలలో వేడి ప్రవాహ వర్గానికి అనుపాతం కనుక అది 29 శాతం పెరుగుతుంది. గాలి నిరోధం పెరుగుదల దీనికి అదనం.

రెండవ మార్గం: గేర్లు మార్చక 3ఎస్ బ్యాటరీ పెట్టుట. లెక్కలో వేగం గంటకు 48.6 కిలోమీటర్లు అగును. వేగం సగం మేర పెరిగినందున మోటారు, గేర్లు, బేరింగులు అన్నిటిపైనా ఒత్తిడి పెరుగుతుంది. 3ఎస్‌తో పాటు మోటారును 2000 కేవీకి మార్చితే 2000 × 11.1 = 22,200 చుట్లే వస్తాయి. గేర్లను ముట్టుకొనకుండానే పాత వేగం నిలుస్తుంది, అదే సామర్థ్యానికి బ్యాటరీ నుండి లాగే ప్రవాహం మాత్రం మూడింట రెండు వంతులకు తగ్గుతుంది.

వేడి

మోటారు తీగచుట్టల నిరోధం 0.02 ఓములు అనుకొంటే, 20 ఆంపియర్ల వద్ద 8 వాట్ల వేడి పుడుతుంది. 28 ఆంపియర్ల వద్ద దాదాపు 16 వాట్లు. ప్రవాహం 40 శాతం పెరిగితే వేడి రెట్టింపు అయినది. రాగి వేడెక్కిన కొద్దీ దాని నిరోధం కూడా పెరుగుతుంది కనుక ఈ నష్టం తనను తానే పెంచుకొంటుంది.

సాధారణ రకం నియోడిమియం అయస్కాంతాలు సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలాన్ని శాశ్వతంగా కోల్పోవడం మొదలవుతుంది. మేలు రకాలు మరింత వేడిని ఓర్చుకొంటాయి. అయస్కాంతం బలహీనపడితే ఆంపియరుకు లభించే టార్క్ తగ్గి, అదే పనికి ప్రవాహం మరింత పెరుగుతుంది. ఇలా ఒకసారి అతిగా వేడెక్కిన మోటారు పైకి బాగానే కనిపించినా, తరువాత ఎప్పుడూ మునుపటికంటే వేడిగానే నడుస్తుంది.

గేరింగు అతి చిన్న నిష్పత్తికి తెచ్చినపుడు కారు తన గరిష్ఠ వేగాన్ని అందుకొనకముందే మలుపు వస్తుంది. మోటారు ఎల్లప్పుడూ తక్కువ వేగంలో, ఎక్కువ ప్రవాహంతో పనిచేస్తుంది. అందువల్ల కాగితం మీద వేగం పెరిగినా, నేల మీద కారు మందగిస్తుంది. నిష్పత్తి మరీ పెద్దదైనా మేలు లేదు. మోటారు అవసరానికి మించిన చుట్లతో గీపెట్టి తిరుగుతుంది, బ్రష్‌లు, బేరింగులు త్వరగా అరుగుతాయి. సాధారణంగా మోటారు తన భారరహిత వేగంలో సగం వద్ద గరిష్ఠ సామర్థ్యాన్ని ఇస్తుంది. దక్షత మాత్రం అంతకంటే చాలా పైన, భారరహిత వేగానికి దగ్గరలో ఎక్కువగా ఉంటుంది. ఎక్కువ సమయం ఆ పై భాగంలో నడిచే గేరింగే మంచి గేరింగు.

ఎంపిక క్రమం

1. కారు పరిమాణం, బరువు, నడిపే చోటు నిర్ణయించుకొనవలెను. ఇంటి ముందర ఖాళీ స్థలానికి గంటకు 60 కిలోమీటర్ల కారు పనికిరాదు.
2. వేగ నియంత్రకం అనుమతించే ఘటాల సంఖ్యను బట్టి వోల్టేజిని నిశ్చయించవలెను. పందెమైతే ఆ తరగతి నిబంధనలే దీనిని నిర్ణయిస్తాయి.
3. ఆ వోల్టేజికి తగిన కేవీ లేదా టర్న్‌లు గల మోటారును, కారు బరువుకు తగిన పరిమాణంలో ఎంచుకొనవలెను.
4. తయారీదారు పట్టికలో చెప్పిన పినియన్ కంటే ఒకటి రెండు పళ్ళు తక్కువ ఉన్న పినియన్‌తో ప్రారంభించవలెను.
5. మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, పరారుణ ఉష్ణమాపకంతో మోటారు వేడిని కొలవవలెను. ఆగిన తరువాత గాలి తగలదు కనుక ఒకటి రెండు నిమిషాలు పై ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. అందువల్ల రెండుసార్లు కొలుచుట మంచిది.
6. 60 డిగ్రీల లోపు ఉంటే పినియన్‌కు ఒక పన్ను పెంచవచ్చును. 60 నుండి 75 మధ్య ఉంటే అక్కడ ఆగవలెను. 80 సమీపిస్తే ఒకటి రెండు పళ్ళు తగ్గించవలెను.
7. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. మోటారు, బ్యాటరీ, పినియన్ ఒకేసారి మార్చితే ఫలితానికి కారణం ఏదో తెలియదు.

ఉష్ణమాపకం లేనివారు వేలితో తాకి చూస్తారు. ఒకటి రెండు క్షణాలకు మించి వేలు ఉంచలేకపోతే మోటారు 60 డిగ్రీలు దాటినదని స్థూలంగా గ్రహించవచ్చును.

నేల, వాతావరణం

నున్నని తారు రోడ్డు మీద సరిపోయిన గేరింగు గడ్డి, ఇసుక మీద సరిపోదు. వాటిలో చక్రం దొర్లుటకు నిరోధం చాలా ఎక్కువ కనుక రెండు మూడు పళ్ళు తక్కువ ఉన్న పినియన్ అవసరం. పెద్ద చక్రాలు వేసినా గేరింగు మారినట్లే. చక్రం వ్యాసం 10 శాతం పెరిగితే నిష్పత్తిని 10 శాతం తగ్గించిన ఫలితం దాదాపుగా కలుగుతుంది.

చల్లని దేశాలలో తయారైన పట్టికలను మన ప్రాంతంలో యథాతథంగా వాడరాదు. మోటారు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలిపైన ఎంత పెరుగుతుందన్నదే దాని స్వభావం. ఒక మోటారు గాలి కంటే 45 డిగ్రీలు వేడెక్కుతుందనుకొంటే, 20 డిగ్రీల జనవరి సాయంత్రం అది 65 వద్ద నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో అదే మోటారు, అదే గేరింగుతో 88కి చేరుతుంది. కాబట్టి వేసవిలో పినియన్ తగ్గించుట, ఉదయం లేదా సాయంత్రం నడుపుట, రెండు బ్యాటరీల మధ్య మోటారును చల్లారనిచ్చుట అవసరం.

భద్రత

లిథియం పాలిమర్ బ్యాటరీని దానికి తగిన చార్జరుతోనే, ఎవరో ఒకరు దగ్గర ఉన్నపుడే చార్జి చేయవలెను. నికెల్ బ్యాటరీల చార్జింగు పద్ధతి వీటికి ప్రమాదకరం. ఘటం వోల్టేజి 3 కంటే దిగరాదు. వేగ నియంత్రకంలో దీనికి ఉండే రక్షణను లిథియం బ్యాటరీకి అనుగుణంగా అమర్చుకొనవలెను. వాడిన వెంటనే 60 డిగ్రీలు దాటి వేడిగా ఉన్న బ్యాటరీ, కారు అవసరానికి చాలనిదని గుర్తు. ఉబ్బిన బ్యాటరీని తిరిగి వాడరాదు. కొన్ని వారాలు వాడకుండా ఉంచదలచినపుడు ఘటానికి సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచవలెను.

గేర్లు సరిచేయునపుడు బ్యాటరీని తప్పక తీసివేయవలెను. ముందుగా ట్రాన్స్‌మిటర్‌ను, తరువాత కారును ఆన్ చేయవలెను. ఆపునపుడు ముందు కారును, తరువాత ట్రాన్స్‌మిటర్‌ను ఆపవలెను. ఒకటిన్నర కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి కాలికి తగిలితే ఎముక విరిగే అవకాశం ఉన్నది. జనం తిరిగే రోడ్లపై, చిన్నపిల్లల సమీపంలో వేగవంతమైన కార్లను నడపరాదు.